ఔరంగాబాద్ బండి

యాకుత్‌పురా, హైదరాబాదు
1936 జనవరి 19

అక్కా,

ఈ ఉత్తరం చదివించుకునే ముందు పాలకుండ కింద పెట్టి కూర్చో. నాకేమీ కాలేదు. ఫౌజులో ఉద్యోగం ఉంది, ఒళ్లు బాగుంది. కానీ నా గదిలో ఒక పిల్ల ఉంది. పిల్ల అంటే నువ్వు అనుకునేది కాదు. మూడు నెలల పసిగుడ్డు.

పోయిన బుధవారం మా సుబేదారు గారి సామాను దించుకు రమ్మని నన్ను స్టేషనుకు పంపారు. పాలమూరు వైపు పోయే బండి ఆగి ఉంది. కూలీలు గుంపులుగా ఎక్కుతున్నారు. ఒక ఆడమనిషి గబగబా వచ్చి, "అన్నా, జర గిది పట్టుకో, నీళ్లు తాగొస్త" అని ఒక మూట నా చేతుల్లో పెట్టి పోయింది. అది బట్టల మూట అనుకున్నాను. అది కదిలింది. బండి కూడా కదిలింది. ఆమె మాత్రం రాలేదు. తర్వాతి బండి వచ్చి పోయింది, అప్పుడూ రాలేదు. తుపాకి పట్టుకుని ఎంతసేపైనా నిలబడతాను గాని, ఏడ్చే పిల్లను పట్టుకుని నిలబడటం మాకు ఎవరూ నేర్పలేదు.

హమాలీ జహంగీర్ భాయ్ నా అవస్థ చూసి, "ఫౌజీ సాబ్, ఆమె ఇగ రాదు. ఛోడ్‌కే గయీ, వదిలేసి పోయింది" అన్నాడు. పోలీసు చౌకీలో చెప్పాను. ఎవరైనా వచ్చి అడిగేదాకా నీ దగ్గరే ఉంచుకో అన్నారు. మా పక్కింటి అన్వరీ బేగం గారికి ఐదు నెలల కొడుకు ఉన్నాడు, ఖయ్యూం. ఆమె నా చేతుల్లోంచి పిల్లను లాక్కున్నంత పని చేసి పాలిచ్చింది. "నా పాలు తాగింది గద కొండల్ భాయ్, ఇప్పటికెళ్లి ఇది మా ఖయ్యూంకు చెల్లె" అన్నది. పేరు జహంగీర్ భాయ్ చలవే. మా పేట పేరులోని యాకూత్ అంటే కెంపు అని ఆయన చెబితే, మనం మాణిక్యం అంటాం గదా అని మాణిక్యమ్మ అని పెట్టాను.

తల్లి వస్తే ఇచ్చేస్తాను. రాకపోతే ఏం చేయాలో నువ్వు చెప్పు. నాకు వచ్చినవి రెండే, కవాతు, వంట. వంట సంగతి నీకు తెలుసు.

నీ తమ్ముడు
కొండల్

*

భువనగిరి
1936 ఫిబ్రవరి 8

తమ్మీ,

నీ ఉత్తరం పక్కింటి వాళ్లు చదివి వినిపిస్తే సగంలోనే బర్రెను విడిచిపెట్టి వచ్చాను. జవాబు కూడా వాళ్లతోనే రాయిస్తున్నాను, అందుకని తిట్లు తగ్గించి చెబుతున్నాను.

ఆలేరు రాజన్న బిడ్డను నీకు అడిగి పెట్టాను. మంచి పిల్ల. ఎవరిదో తెలియని పసిదాన్ని చంకలో పెట్టుకుని పెళ్లిచూపులకు పోతావా? అది నీ బిడ్డే అంటారు. నువ్వు కాదంటే ఇంకా గట్టిగా అంటారు. సర్కారు దవాఖానాలో ఇచ్చెయ్. పుణ్యం కావాలంటే వారానికోసారి పోయి చూసి రా.

నువ్వు పిల్లను సాకేవాడివా? ఏడేళ్లప్పుడు కోడిపిల్లను సాకుతానని అంగీలో పెట్టుకుని పడుకున్నావు. పొద్దున్నే లేచి దాన్ని పెరట్లో పూడ్చి, పిల్లి ఎత్తుకుపోయిందని అమ్మతో చెప్పావు. నీ గోళ్లలో మట్టి నేను చూశాను. అప్పుడు చెప్పలేదు, ఇప్పుడు చెబుతున్నాను. నీకు అబద్ధం చెప్పడం రాదు. చెప్పిన తర్వాత మూడు రోజులు అన్నం తినవు.

ఇచ్చేదాకా మాత్రం దానికి మాడున ఆముదం పెట్టు. నీళ్లు పోసేటప్పుడు చెవుల్లోకి పోకుండా అరచెయ్యి అడ్డం పెట్టు. మెడ నిలబడేదాకా ఒక చేత్తో ఎత్తకు. కాలికి నల్లదారం కట్టు. ఏడిస్తే పాలకే అనుకోకు, కడుపు కూడా చూడు.

ఇట్లు
కొమురమ్మ

*

యాకుత్‌పురా
1937 జనవరి 3

అక్కా,

మాణిక్యం నడుస్తోంది. నాలుగడుగులు వేసి కూలబడి, ఎవరో తోసినట్టు నా వైపు కోపంగా చూస్తుంది. మా జవాన్లు నన్ను దాదీమా అంటున్నారు. అననీ. పొద్దున కవాతుకు పోయే ముందు అన్వరీ బేగం గారికి అప్పజెప్పి పోతాను, రాగానే తెచ్చుకుంటాను. నా అంగీ భుజం మీద ఎప్పుడూ పాల మరకే. ఎంత ఉతికినా ఆ వాసన పోదు. ఒకసారి కవాతులో సుబేదారు గారు నా పక్కన ఆగి ముక్కు ఎగబీల్చి ముందుకు పోయారు. మీసం కూడా పెంచాను. అది పట్టుకుని లేచి నిలబడుతుంది.

దవాఖానా మాట ఇక ఎత్తకు. ఆలేరు వాళ్లకు వేరే సంబంధం చూసుకోమని చెప్పు.

నేను స్టేషను వైపు పోవడం మానేశాను. దుమ్ము ఎక్కువ, పిల్లకు పడదు. దబీర్‌పురా మీదుగా చుట్టు తిరిగి పోతున్నాను.

ఒక మాట అడగాలి. ఔరంగాబాద్ ఇక్కడికి ఎంత దూరం ఉంటుందో మీ వైపు ఎవరికైనా తెలుసా? ఒంటరి ఆడమనిషి అక్కడికి పోతే పని దొరుకుతుందా? ఊరికే అడుగుతున్నాను. మా పల్టన్‌లో మాట వచ్చింది.

కొండల్

*

భువనగిరి
1937 ఫిబ్రవరి 1

తమ్మీ,

పల్టన్‌లో ఉండేది నువ్వు. ఊళ్ల దూరాలు పాలమ్ముకునే నన్ను అడుగుతావా? ఔరంగాబాద్ ఉత్తరానో దక్షిణానో కూడా నాకు తెలియదు.

నువ్వు అన్నం తింటున్నావా?

కొమురమ్మ

*

సముద్రం అవతల, ఊరి పేరు రాయకూడదు
1941 మే

అక్కా,

ఇక్కడంతా ఇసుక. అన్నంలో ఇసుక, బూట్లలో ఇసుక, నువ్వు ఇచ్చిన ఆవకాయ జాడీలోనూ ఇసుక. లడాయి ఎప్పుడు ముగుస్తుందో మా అఫ్సర్లకే తెలియదు.

నాకోసం భువనగిరిలో ఇల్లు అమ్ముకుని, బర్రెలను తోలుకుని యాకుత్‌పురా వచ్చి కూర్చున్నావు. బావ పోయిన తర్వాత నీకంటూ మిగిలింది ఆ గడపే. ఆ మాట నీతో ఎదురుగా అనలేకపోయాను. నేను బయలుదేరిన రోజు మాణిక్యం ఏడవలేదు. "బాపూ, నువ్వు పోయే ఊరికి ఎన్ని బండ్లు మారాలె?" అని అడిగింది. మూడు అన్నాను. "మల్ల వచ్చెటప్పుడు గూడ మూడేనా?" అన్నది. ఆ లెక్క నాకు చాలా రోజులు నిద్ర పట్టనివ్వలేదు.

నువ్వు పొద్దున పాలు అమ్మడానికి స్టేషనుకు పోతావని తెలుసు. మాణిక్యాన్ని మాత్రం అక్కడికి తీసుకుపోకు. ఎందుకని అడగకు.

కొండల్

*

యాకుత్‌పురా
1941 సెప్టెంబరు 20

తమ్మీ,

ఈసారి ఉత్తరం మన వాడకట్టులో తెలుగు బడి పెట్టిన పురుషోత్తం మాస్టారు రాస్తున్నారు. మాణిక్యం అక్కడే అక్షరాలు దిద్దుతోంది. పలక మీద 'బ' రాయమంటే బర్రె బొమ్మ వేస్తుందట.

స్టేషనుకు తీసుకుపోవడం లేదు. ఎందుకని అడగడం కూడా లేదు.

పిడకలు కొట్టడానికి ఒక మనిషిని పెట్టుకున్నాను. పేరు ఎల్లమ్మ. పాలమూరు వైపు మనిషి, ముప్పై లోపే ఉంటుంది. ఈ మధ్య రోజూ స్టేషన్ బెంచీ మీద కూర్చునేది. ఏ బండీ ఎక్కదు. సిపాయి బట్టలు కనిపిస్తే లేచి నిలబడుతుంది, మళ్లీ కూర్చుంటుంది. వారం రోజులు చూసి, చల్ల పోసి అడిగాను. ఆమె చెప్పింది విన్నాను. విని, "పిడకలు గొట్టుడు వస్తదా?" అన్నాను. వస్తుంది అన్నది. వెంట తీసుకువచ్చాను.

ఆమె ఏం చెప్పిందో ఉత్తరంలో రాయించేది కాదు. నీకు తెలిసే ఉంటుంది అనుకుంటాను.

కొమురమ్మ

(కొండల్ గారికి నమస్కారం. మీ అక్కగారి మాటలు నా చేతిలో పడి కాస్త మర్యాద నేర్చుకున్నాయి. అర్థం మాత్రం మార్చలేదు. చివరి వాక్యం తీసేద్దామా అని అడిగితే, కలం లాక్కునేంత పని చేశారు. పురుషోత్తం.)

*

సముద్రం అవతల
1942 జనవరి

అక్కా,

ఎల్లమ్మను పనిలోంచి తీసేయి. వెంటనే తీసేయి. ముక్కూ మొహం తెలియని మనుషులను ఇంట్లో పెట్టుకోకూడదు. ఆడపిల్ల ఉన్న ఇల్లు.

కొండల్

*

యాకుత్‌పురా
1942 జూన్ 11

తమ్మీ,

తీసేయమన్నావు, కారణం రాయలేదు. కారణం రాస్తే తీసేస్తాను.

నీ ఉత్తరం వచ్చేసరికి మాణిక్యానికి తట్టు పోసి ఉంది. పదకొండు రోజులు కళ్లు తెరవలేదు. వేపమండలతో విసిరింది ఎల్లమ్మ. నోట్లో చుక్క చుక్క నీళ్లు పోసింది ఎల్లమ్మ. నేను బర్రెలు చూసుకుని వచ్చేసరికి గోడకు ఆనుకుని కూర్చునే నిద్రపోయేది, చెయ్యి మాత్రం పిల్ల పాదం మీద ఉండేది. జ్వరంలో పిల్ల "అమ్మా" అన్నది. నేను లేచాను. ఎల్లమ్మా లేచింది. ఎవరిని పిలిచిందో మేము అడగలేదు.

ఇప్పుడు బాగుంది. నీ కోడిపిల్ల బతికింది.

కొమురమ్మ

(ఈ ఉత్తరం రాయించేటప్పుడు మీ అక్కగారు రెండుసార్లు ఆగారు. ఆగినచోట ఏమి రాయమంటారని అడిగితే, ఆగిన సంగతే రాయమన్నారు. పురుషోత్తం.)

*

యాకుత్‌పురా
1944 అక్టోబరు 2

బాపూ,

ఇది నా చేతి రాత. మాస్టారు గీతలు గీసి ఇచ్చారు గాని, మాటలు నావే. నువ్వు రెండేళ్ల నుంచి మూడు ముక్కలే రాస్తున్నావు. బాగున్నాను, బాగుండండి, కొండల్. అన్నీ ఒక్క ఉత్తరమేనా అని అత్తమ్మ అడుగుతోంది.

పెద్ద బర్రె ఈనింది. దూడకు నేనే పేరు పెట్టాను, చందమామ. నల్లగా ఉంటుంది గదా అని ఖయ్యూం నవ్వాడు. అమావాస్య నాడు కూడా చందమామ ఉంటాడని మాస్టారు చెప్పారు, కనిపించడు అంతే.

మొన్న పత్తర్‌గట్టికి పోయి అన్వరీ అమ్మీతో గాజులు కొనుక్కున్నాను. గాజులాయన "మీ బిడ్డనా?" అని అడిగితే, "పాలు ఇచ్చిన బిడ్డ, కన్నది వదిలిపెట్టి పోయింది" అని అమ్మీ చెప్పింది. బడిలో కూడా అందరికీ తెలుసు. వదిలేసిన పిల్ల అంటారు. నాకు ఏడుపు రాదు, అలవాటైంది. ఇంటికి వచ్చి ఎల్లమ్మతో చెప్పాను. ఎల్లమ్మ ఆ రోజు అన్నం తినలేదు. ఆమె ఎందుకు మానిందో నాకు తెలియలేదు.

ఒకటి అడుగుతాను, నిజం చెప్పాలి. మా అమ్మ మళ్లీ ఎప్పుడైనా వచ్చి నాకోసం అడిగిందా? ఒక్కసారైనా? నువ్వు సిపాయివి గదా, వస్తే నీకు తెలిసేది.

నీ బిడ్డ
మాణిక్యమ్మ

*

సముద్రం అవతల
1945 జూన్

అక్కా,

ఈ ఉత్తరం పురుషోత్తం మాస్టారుతోనే చదివించుకో. మాణిక్యం బడికి పోయిన వేళ చూసి, తలుపు వేసుకుని విను. విన్న తర్వాత పొయ్యిలో వేసెయ్.

పిల్ల నన్ను ఒక ప్రశ్న అడిగింది. నెలల తరబడి దానికి జవాబు రాసి చింపేస్తున్నాను. ముందు నీకు రాస్తే గాని దానికి రాయలేను.

ఆమె వచ్చింది అక్కా. 1936 డిసెంబరులో వచ్చింది. నేను స్టేషనులో ఉన్నాను, జహంగీర్ భాయ్ ఆ రోజు పనిలోకి రాలేదు. బక్కచిక్కిన మనిషి, నేరుగా నా ముందుకే వచ్చి నిలబడింది. నేను గుర్తుపట్టాను. ఆమె నన్ను గుర్తుపట్టలేదు, అప్పటికి మీసం ఉంది. "అన్నా, పోయిన సంక్రాంతికి గీడ ఒక సిపాయి చేతుల నా బిడ్డను పెట్టి నీళ్లకు పోయిన. మా మేస్త్రి రెక్క వట్టి బండెక్కిచ్చిండు, దిగనియ్యలే. గా సిపాయి ఏడున్నడో ఎరికేనా?" అని అడిగింది.

నీకు రాసిన మొదటి ఉత్తరంలో తల్లి వస్తే ఇచ్చేస్తానని ఉంది. నేను మర్చిపోలేదు. కానీ ఆ పొద్దున్నే పిల్ల మొదటిసారి నన్ను బాపు అన్నది. నా భుజం మీద పాల మరక ఇంకా తడి ఆరలేదు. నా నోరు దానంతట అదే అన్నది, "గా పల్టన్ ఔరంగాబాద్ వోయింది" అని.

అంతటితో ఆగినా కొంత నయం. ఔరంగాబాద్ ఎట్లా పోవాలని అడిగితే, ఆమెను కాచిగూడ దాకా తీసుకుపోయి, మన్మాడ్ బండి చూపించి, చెయ్యి పట్టి ఎక్కించి, కిటికీ పక్కన చోటు చూసి కూర్చోబెట్టాను. ఆమె దిగి వచ్చి నా కాళ్లకు దండం పెట్టి, మళ్లీ ఎక్కింది. బండి పోయేదాకా నిలబడ్డాను. ఆమె దిగిపోతుందేమోనని నిలబడ్డాను అక్కా, మర్యాదకు కాదు.

అప్పటినుంచి మాణిక్యాన్ని ఎవరు వదిలేసిన పిల్ల అన్నా నేను కాదనలేదు. తల్లి వదల్లేదు. నేను దొంగిలించాను. దొంగిలించి, తొమ్మిదేళ్లు దాని ముందు మంచివాడిలా తిరిగాను. మా పల్టన్‌లో నా పక్కన నిలబడ్డవాళ్లు పోయారు, నేను మిగిలాను. బతికి ఇంటికి పోవడానికి నాకు భయంగా ఉంది.

ఎల్లమ్మ ఎవరో నువ్వు రాసిన రోజే నాకు అర్థమైంది. నీకూ తెలుసని అర్థమైంది. తీసేయమన్నది అందుకే. ఇప్పుడు ఏం చేయమంటావో చెప్పు. పిల్లను ఆమెకు ఇచ్చెయ్ అంటే ఇచ్చేస్తాను. ఈసారి మాట తప్పను.

కొండల్

*

యాకుత్‌పురా
1945 సెప్టెంబరు 14

బాపూ,

పురుషోత్తం మాస్టారు నల్లగొండకు మకాం మార్చి మూడు నెలలైంది. ఆ సంగతి మేము రాసిన ఉత్తరం నీకు ఇంకా అంది ఉండదు. ఇప్పుడు ఇంట్లో ఉత్తరాలు చదివేది నేనే.

నీ ఉత్తరం వచ్చేసరికి అత్తమ్మ పాలు పిండుతోంది. ఎల్లమ్మ ఎదురుగా గోడకు పిడకలు కొడుతోంది. నేను గడప మీద కూర్చుని విప్పాను. "పెద్దగ చదువు బిడ్డా, నాకూ ఇనవడాలె" అని ఎల్లమ్మే అన్నది.

మాస్టారుతోనే చదివించుకో అన్న వరుస కళ్లబడింది. అక్కడ ఆపేయాల్సింది. ఆపితే అత్తమ్మ ఎందుకని అడుగుతుంది. అందుకని చదివాను. కానీ నువ్వు రాసింది చదవలేదు. నా కళ్లు నీ అక్షరాల మీద ఉన్నాయి, నోట్లోంచి వేరే మాటలు వచ్చాయి. ఇక్కడ ఎండలు ఎక్కువ, ఖర్జూరాలు దొరుకుతాయి, లడాయి ముగిసేటట్టుంది, తొందర్లో వస్తాను, బర్రెలను అడిగానని చెప్పు. కాగితం తిప్పి రెండో వైపు కూడా అట్లాగే చదివాను. ఎక్కడా తడబడలేదు. అంత సులువుగా వస్తుందని నాకు తెలియదు.

అత్తమ్మ పిండడం ఆపి, "గంతేనా?" అన్నది. అంతే అన్నాను. "ఇంకేం రాయలేదా?" అన్నది. లేదన్నాను. మూడోసారి కూడా అడిగింది. తర్వాత చెయ్యి కడుక్కుని వచ్చి, "జవాబు రాయి. ఔరంగాబాద్ సంగతి ఎప్పుడు రాస్తవని అడుగు" అన్నది. నేను కలం కింద పెట్టాను. ఎల్లమ్మ పెంటకుప్ప దగ్గరికి పోయి ఉంది, వినలేదు.

నీకెట్లా తెలుసని అత్తమ్మను అడిగాను. అప్పుడు ఏడ్చింది బాపూ. అత్తమ్మ ఏడవడం నేను ఎన్నడూ చూడలేదు. "స్టేషన్ల బెంచీ మీద అది ఔరంగాబాద్ అన్నప్పుడే ఎరికైంది. మీ బాపు నాకు ఎన్నడో రాసిండు గా ఊరి పేరు. చెప్తె నువ్వు పోతవు. చెప్పకుండ పంపుదమంటె పానం ఒప్పలే. గందుకే పని ఇచ్చిన. బిడ్డను ఇయ్యాల్సిన దానికి పెండ గంప ఇచ్చిన" అన్నది.

నా మీద ఎవరికీ కోపం రావద్దు. నీ మీద నాకు కోపం ఉంది, చాలా ఉంది. మా అమ్మ వచ్చిందని నాకు ఎవరూ చెప్పలేదు. రాలేదనుకుని బడిలో తల వంచుకున్నాను. కానీ నువ్వు చెప్పిన అబద్ధం బయటపడుతుందని నేను ఇంకొకటి చెప్పాను. ఇప్పుడు ఎల్లమ్మ ముందు కూర్చుంటే అన్నం దిగడం లేదు. నేను చెప్పలేను. నువ్వే చెప్పు. ఆమె పేరున రాయి. నేను ఉన్నది ఉన్నట్టు చదువుతాను.

మాణిక్యమ్మ

*

బస్రా ఓడరేవు (ఇప్పుడు ఊరి పేరు రాయొచ్చు)
1945 నవంబరు 6

ఎల్లమ్మా,

ఈ ఉత్తరం మాణిక్యం చదువుతుంది. బిడ్డా, ఒక్క మాట కూడా మార్చకు. ఏడుపొస్తే ఆగి, మళ్లీ చదువు.

నువ్వు బిడ్డను ఇచ్చిన సిపాయిని నేనే. నిన్ను కాచిగూడలో మన్మాడ్ బండి ఎక్కించిన సిపాయిని కూడా నేనే. మా పల్టన్ ఔరంగాబాద్ పోలేదు. ఎక్కడికీ పోలేదు. నువ్వు నా కాళ్లకు దండం పెట్టిన వేళకు నీ బిడ్డ అన్వరీ బేగం ఇంట్లో ఉయ్యాలలో ఉంది. నువ్వు వస్తే ఇస్తానని ముందే అనుకున్నాను, నువ్వు వచ్చావు, నేను ఇవ్వలేదు. ఎందుకంటే అప్పటికి అది లేని ఇల్లు ఎట్లా ఉంటుందో నాకు తలుచుకోవడానికి కూడా ధైర్యం చాలలేదు. ఇది కారణమే గాని, క్షమించమనడానికి సాకు కాదు.

ఈ చదువుతున్నది నీ బిడ్డే. దాన్ని నువ్వు వదిలిపెట్టలేదని దానికి చెప్పాల్సినవాణ్ని నేను. తొమ్మిదేళ్లు చెప్పలేదు.

నువ్వు దాన్ని తీసుకుని ఎక్కడికి పోయినా అక్క అడ్డం రాదు. నేను జనవరిలో వస్తాను. నేను వచ్చేదాకా ఆగమని అడిగే హక్కు నాకు లేదు. అయినా అడుగుతున్నాను.

కొండల్

*

యాకుత్‌పురా
1945 డిసెంబరు 9

బాపూ,

ఉన్నది ఉన్నట్టు చదివాను. రెండుచోట్ల ఆగాను. అత్తమ్మ కొంగు నోట్లో కుక్కుకుని కూర్చుంది. ఎల్లమ్మ చేతికి పెండ అంటి ఉంది, కడుక్కోకుండా మొత్తం విన్నది.

చదవడం అయ్యాక, "ఇగ నేను చెప్పేది రాయి. నువ్వు గూడ ఏం మార్చకు" అన్నది. ఆమె చెప్పినట్టే రాస్తున్నాను.

"అన్నా, మేస్త్రి నా రెక్క వట్టలే. నీళ్లకు గూడ పోలే. మొగడు ఎల్లగొట్టిండు, అవ్వగారింటి కాడ పిల్లతోని రావద్దన్నరు. గా దినం స్టేషన్ల నువ్వు ఎవరి పోరడో ఏడుస్తుంటె మరమరాలు తినవెడుతున్నవు. మొఖం చూడలే, చేతులు చూసిన. గా చేతుల్ల పెడితే బతుకుతదనుకున్న. పెట్టి నేనే బండెక్కిన. బిడ్డ నన్ను వదిలేసిన పిల్ల అంటున్నరని చెప్పిన దినం నేను అన్నం తినంది గందుకే.

మల్ల వచ్చిన దినం నువ్వు ఔరంగాబాద్ అన్నవు. నమ్మలే అన్నా. కాచిగూడల నా చెయ్యి వట్టి ఎక్కిచ్చినప్పుడు గవే చేతులని ఎరికైంది. నీ అంగీ మీద పాల వాసన వచ్చింది. నా బిడ్డ బతికే ఉన్నది, పాలు తాగుతున్నది, నువ్వు ఇయ్యవు అని మూడూ ఒక్కసారే ఎరికైనయి. దిగి, లొల్లి జేసి అడుగుదమని దిగిన. నాకు ఉండటానికి ఇల్లు లేదు, దానికి పెట్టటానికి బువ్వ లేదు. నీ కాళ్లు మొక్కి మల్ల ఎక్కిన. రెండోసారి గూడ నేనే వదిలిపెట్టిన. ఔరంగాబాద్ దాక పోలే, నిజామాబాద్‌ల దిగి చెరుకు కూలికి వోయిన. నాలుగేండ్లు ఓపిక వట్టి, మల్ల దూరంకెళ్లి చూసి పోదమని వచ్చిన. మీ అక్క చల్ల వోసి పిలిచింది. గీ ఇంట్ల అడుగువెట్టి, స్టేషన్ల దొరికిన పిల్ల అని ఇన్న దినమే బిడ్డను గుర్తువట్టిన. అడగనీకె నాకు మొఖం లేకుండె."

ఇంతవరకు ఆమె మాటలు.

ఆమె నన్ను ఎప్పుడూ బిడ్డా అనే పిలిచేది. మన వాడకట్టులో అందరు పిల్లలనూ అట్లాగే పిలుస్తారు గదా అని నేను పట్టించుకోలేదు. ఇప్పుడు నేను ఏమని పిలవాలని అడిగాను. "ఎల్లమ్మ అనే పిలువు. గా సిపాయి రానీ, అప్పుడు సూద్దం" అన్నది. తీసుకుపోతావా అని కూడా అడిగాను. "ఏడికి?" అన్నది.

అత్తమ్మ ఆమెను పిడకల పని మానమన్నది. ఆమె మానలేదు. అందుకని అత్తమ్మ కూడా పక్కన కూర్చుని పిడకలు కొడుతోంది. ఇద్దరూ మాట్లాడుకోవడం లేదు గాని, అన్నం మాత్రం ఒకచోటే తింటున్నారు.

నువ్వు జనవరిలో ఏ రోజు, ఏ బండికి దిగుతావో రాయి. మూడు బండ్లు మారాలని నాకు గుర్తుంది. కాచిగూడకు వద్దు, యాకుత్‌పురా స్టేషన్‌లోనే దిగు. అత్తమ్మ, నేను, ఎల్లమ్మ వస్తాం. సిపాయి బట్టలతోనే రమ్మని ఎల్లమ్మ చెప్పమన్నది. "చేతులు ఎరికే గని, గాయన మొఖం ఎన్నడు సక్కగ చూడలే. ఈసారి చూస్త" అన్నది.

మాణిక్యమ్మ